బాత్రూంలో కుక్కర్ కూసింది

ఉదయం ఎనిమిదింబావు. అమ్మ పప్పు కుక్కర్ పెట్టింది. మొదటి విజిల్ వచ్చింది. మంచం మీద పడుకున్న తాత తల తిప్పి, "ఏటే అమ్మీ, కుక్కర్ బాత్రూంలో ఎట్టేరేటి?" అన్నాడు.

నేను పకపకా నవ్వేశాను. అమ్మ నవ్వలేదు. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నాన్న పేపర్ మడిచి పక్కన పెట్టాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపుకి అర్థం నాకు తర్వాత తెలిసింది. తాతకి మతి తప్పుతోందని వాళ్లిద్దరూ అప్పటికే అనుకుంటున్నారు. కుక్కర్ దాన్ని ఖాయం చేసింది, అంతే.

మాది చోడవరం. 2022లో జిల్లాలు మారాక మేం అనకాపల్లి జిల్లా అయ్యాం గానీ తాత మాత్రం ఎవరడిగినా ఇంకా 'విశాపట్నం జిల్లా' అనే చెప్తాడు. జీవితమంతా చెరుకు వేశాడు, గానుగ ఆడించాడు, బెల్లం వండించాడు. దిమ్మలు అనకాపల్లి మార్కెట్‌కి తోలేవాడు. నీటికాసులు వచ్చాయని మాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఆ జబ్బు నొప్పి పెట్టదు. చూపుని పక్కల నుంచి కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. రెండేళ్లలో తాతకి వెలుగూ చీకటీ తేడా తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అయినా ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయనకి ఎవరి చెయ్యీ అక్కర్లేకపోయింది. అరుగు మీద కూర్చుంటే గుడి గంట ఎడమ చెవికి, బస్టాండు హారన్లు కుడి చెవికి. చలికాలంలో బెల్లం పెనాల వాసన వస్తే గాలి ఎటునుంచో చెప్పేసేవాడు. మామ్మ పోయాక ఒక్కడినీ వదల్లేక, వైజాగ్‌లో మద్దిలపాలెం దగ్గర మా అద్దె ఫ్లాట్‌కి తీసుకొచ్చేశాం. అక్కడ గంటా లేదు, బెల్లం వాసనా లేదు. నాలుగో అంతస్తు, లిఫ్టు, టైల్స్.

పది రోజుల్లో తాత ఆ గదిని నేర్చేసుకున్నాడు. మంచానికి కుడివైపు దిగాలి, ఆరడుగులు వెయ్యాలి, చెయ్యి చాపితే బాత్రూం తలుపు. రాత్రిళ్లు ఎవర్నీ లేపేవాడు కాదు. ఆ ఆరడుగులే ఆయన పరువు. ఆ మాట నేను ఊరికే అనడం లేదు, కోడల్ని పిలిచి బాత్రూంకి తీసుకెళ్లమనడం ఆయనకి ఎంత కష్టమో మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మీకే తెలుస్తుంది.

పదకొండో రోజు రాత్రి రెండింటికి పెద్ద చప్పుడు. పరిగెత్తి వెళ్లేసరికి తాత బాత్రూంకి సరిగ్గా ఎదురు దిక్కున, ఇనుప బీరువా కింద పడి ఉన్నాడు. మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు. ఆ రోజు నుంచి ఆయన్ని ఒంటరిగా మంచం దిగనివ్వలేదు. డైపర్లు వచ్చాయి. మంచానికి రెండు పక్కలా చెక్క అడ్డు పెట్టించాలని నాన్న కొలతలు తీసుకున్నాడు. తాత మాట్లాడ్డం తగ్గించేశాడు. మాట్లాడినప్పుడల్లా కుక్కర్ బాత్రూంలో కూస్తోందనీ, బీరువా తలుపు బాత్రూంలోంచి కిర్రుమంటోందనీ ఏదో ఒక తేడా మాటే.

అదే సమయంలో నేను ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుతో కుస్తీ పడుతున్నాను. జియోఫిజిక్స్. నా టాపిక్ పేరు వింటే చుట్టాలు జాలిపడతారు: సముద్రం అడుగున పెట్టిన సీస్మోమీటర్లు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయో కనిపెట్టడం.

ఇది ఎందుకో ఫోన్‌తో చెప్తాను. గూగుల్ మ్యాప్స్ తెరిస్తే మీరున్న చోట నీలం చుక్క ఉంటుంది. ఆ చుక్క ముందు టార్చిలైటు వెలుగులా ఒక నీలం ముక్క ఉంటుంది. చుక్క మీరెక్కడున్నారో చెప్తుంది, వెలుగు మీరు ఎటు తిరిగి ఉన్నారో చెప్తుంది. ఒక్కోసారి చుక్క కరెక్టుగా ఉండి వెలుగు తప్పుతుంది. కుడికి తిరగమంటే ఎడమకి తిరిగేసి, సందు చివరిదాకా వెళ్లి వెనక్కొస్తాం. ఫోన్‌ని 8 ఆకారంలో తిప్పమని మ్యాప్స్ అడిగేది అందుకే.

సముద్రం అడుగున సీస్మోమీటర్‌కీ ఇదే ఇబ్బంది. దాన్ని ఓడ మీంచి నీళ్లలోకి వదిలేస్తారు. బరువు కట్టి ఉంటుంది కాబట్టి మెల్లగా మునుగుతుంది. ఐదు కిలోమీటర్ల లోతంటే అడుగుకి చేరడానికి గంటకి పైనే. దిగేటప్పుడు బొంగరంలా ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. ఎక్కడ దిగిందో ఓడ నుంచి ధ్వని సంకేతాలతో కనుక్కోవచ్చు. పైన ఏదో కింద ఏదో భూమ్యాకర్షణే చెప్తుంది, లోపలి సెన్సార్ తనంతట తానే నిటారుగా సర్దుకుంటుంది. కానీ ఉత్తరం ఎటో? జీపీఎస్ సిగ్నల్ సముద్రపు నీళ్లలోంచి దిగదు. దిక్సూచి పెడదామంటే పక్కనే ఇనుము, బ్యాటరీలు, అదీ నమ్మకం కాదు. 8 ఆకారంలో తిప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

నేల మీద పెట్టే సీస్మోమీటర్ మూడు దారుల్లో కదలికని రాస్తుంది: పైకీ కిందకీ, ఉత్తర దక్షిణాలుగా, తూర్పు పడమరలుగా. సముద్రం అడుగున ఉన్నదాని ఫైళ్లలో రెండోదానికీ మూడోదానికీ దిక్కుల పేర్లే ఉండవు. '1', '2' అని రాసి వదిలేస్తారు. తెలుగులో దిక్కు అంటే వైపు, దిక్కు అంటే ఆసరా కూడా. దిక్కులేనిది అంటే ఏంటో ఆ ఫైళ్లు చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. యంత్రం పాడవలేదు. ఏడాదంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసింది. అది ఎటు తిరిగి రాసిందో మనకి తెలియదు కాబట్టి సగానికి పైగా రాత మనకి పనికిరాదు.

నేను తీసుకున్న డేటా హిందూ మహాసముద్రంలోదే. రియూనియన్ అనే చిన్న దీవి చుట్టూ ఫ్రాన్స్, జర్మనీ శాస్త్రవేత్తలు 2012లో 57 సీస్మోమీటర్లు సముద్రం అడుక్కి వదిలి, 2013లో తిరిగి పైకి తీశారు. ప్రాజెక్టు పేరు రమ్-రమ్. ఆ డేటా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఎక్కడో ఉన్న దీవితో మనకేంటి అనుకోకండి. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమిని లావాతో కప్పేసింది ఆ దీవి కింద ఉన్న వేడి ఊటే అని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. ఆ లావా మన రాజమండ్రి దాకా పారింది. కాటేరు, గౌరీపట్నం క్వారీల్లో కనిపించే నల్లరాయి అదే. ఆ ఊట ఎంత లోతు నుంచి వస్తోందో చూడాలంటే ముందు ఆ 57 యంత్రాలకీ ఉత్తరం చూపించాలి.

ఎలా? తెలిసిన చప్పుడుని పట్టుకుని.

2013 సెప్టెంబర్ 24న పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. గ్వాదర్ తీరంలో సముద్రంలోంచి ఒక మట్టిదిబ్బ దీవిలా పైకి లేచింది, అప్పట్లో ఫొటోలు ఊరంతా తిరిగాయి. అది ఎక్కడ వచ్చిందో ప్రపంచానికంతా తెలుసు. రియూనియన్ నుంచి చూస్తే దాదాపు ఉత్తరం, కొంచెం తూర్పుకి. ఆ అలలు సముద్రం అడుగున ఉన్న యంత్రాన్ని తాకినప్పుడు అది 'నాకు కుదుపు ఇటునుంచి వచ్చింది' అని రాసుకుంటుంది. అది చెప్పిన వైపుకీ, మనకి తెలిసిన నిజమైన దిక్కుకీ మధ్య తేడా ఎంతో, యంత్రం అంత తిరిగి ఉన్నట్టు.

భూకంపంలో ముందుగా వచ్చేది పీ అల. అది తను వెళ్లే దారిలోనే ముందుకీ వెనక్కీ తోస్తుంది. కాబట్టి ఏ గీత వెంబడి వచ్చిందో తెలుస్తుంది. కానీ గీతకి రెండు కొసలు. ఎదర నుంచి వచ్చిందా, వెనక నుంచా? అక్కడ పైకీ కిందకీ కదలిక సాయం చేస్తుంది. మొదటి కుదుపు పైకి ఉంటే యంత్రం భూకంపానికి దూరంగా జరిగినట్టు, కిందకి ఉంటే దాని వైపుకి లాగినట్టు. తర్వాత నింపాదిగా వచ్చేవి రేలీ అలలు. అవి నేలని గుండ్రంగా, వచ్చిన వైపుకే వెనక్కి దొర్లుతున్నట్టు తిప్పుతాయి. ఆ తిప్పుడులో పైకీ కిందకీ కదలికకి, ముందుకీ వెనక్కీ కదలికకి మధ్య సరిగ్గా పావు చుట్టు తేడా ఉంటుంది. కంప్యూటర్లో ఆ పావు చుట్టు సర్దేసి, రాతని ఒక్కో డిగ్రీ చొప్పున 360 డిగ్రీలూ తిప్పి చూస్తాం. ఎక్కడ రెండూ అతుక్కుపోయినట్టు కలుస్తాయో అదే కోణం.

ఒక్క భూకంపంతో సరిపోదు. అలలు దారిలో వంగుతాయి. ఒకటి 5 డిగ్రీలంటుంది, ఇంకోటి 10 అంటుంది. అందుకే ఎన్నో భూకంపాలు తీసుకుని సగటు చెయ్యాలి. నేను బోల్తా పడింది అక్కడే.

ఒక స్టేషన్‌కి నాకొచ్చిన కోణాలు: 350, 355, 5, 10. కూడితే 720. నాలుగుతో భాగిస్తే 180. గర్వంగా రిపోర్టులో రాసేశాను. మా గైడ్ మేడమ్ చూసి, "నీ నాలుగు భూకంపాలూ ఉత్తరం అంటుంటే నువ్వు దక్షిణం అంటున్నావేంటి?" అన్నారు. నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. గడియారంలో 11కీ 1కీ మధ్య 12 ఉంటుంది, 6 కాదు. సున్నా, 360 ఒకటే చోటు. కోణాలని మార్కుల్లా కూడకూడదు. ఒక్కోదాన్నీ ఒక బాణంలా గీసి, బాణాలన్నీ కలిపి చూడాలి. అన్నీ ఒకే వైపు ఉంటే కలిసిన బాణం పొడుగ్గా వస్తుంది. తలో దిక్కుకీ ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని పొట్టిగా మిగుల్తుంది.

ఆ రోజు మేడమ్ ఇంకో మాట అన్నారు. "యంత్రం ఎంత తిరిగి ఉందని భయపడకు. 10 డిగ్రీలైనా, 170 అయినా ఒకటే. నిలకడగా అంతే తిరిగి ఉంటే అది మంచి స్టేషన్. ఒక్కో భూకంపానికి ఒక్కోటి చెప్తే అప్పుడు అనుమానించు."

మర్నాడు పొద్దున్న తాత గదిలోనే నేల మీద కూర్చుని ఆ కోడ్ సరిచేస్తున్నాను. కుక్కర్ కూసింది. తాత ఎవరితోనూ కాకుండా తనలో తనే అన్నాడు: "ఇయ్యాల కూడా బాత్రూంలోనే."

ఇయ్యాల కూడా.

నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. మతి పోయిన మనిషైతే ఒక రోజు బాత్రూం అంటాడు, ఒక రోజు బాల్కనీ అంటాడు, ఇంకో రోజు చోడవరం అంటాడు. తాత నాలుగు రోజుల్నుంచీ ఒకటే అంటున్నాడు.

లేచి మంచం దగ్గరికెళ్లాను. "తాతా, నేను అడిగినవి చెయ్యి చాపి చూపిస్తావా?" అన్నాను. "ఏటి, పరీచ్చా?" అన్నాడు విసుగ్గా. అయినా చాపాడు. వంటిల్లు ఎటు? వేలు బాత్రూం వైపు. బాత్రూం ఎటు? వేలు బీరువా వైపు, అంటే వంటింటి వైపు. తూర్పు ఎటు? పడమర చూపించాడు. వీధి గుమ్మం? సరిగ్గా ఎదురు. కిటికీ? సరిగ్గా ఎదురు. అయిదుకి అయిదూ తప్పు. అయిదుకి అయిదూ ఒక్కలాగే తప్పు. నూటఎనభై డిగ్రీలు.

కాగితం మీద బాణాలు గీసే పనే లేదు. తాత చెదిరిపోలేదు. తిరిగి ఉన్నాడు.

ఎవరు తిప్పారు? అప్పుడు గుర్తొచ్చింది. తాత పడిన రోజు పగలు నాన్న ఆయన్ని కంటి చెకప్‌కి తీసుకెళ్లాడు. ఆ సమయంలో మా పెద్దత్త ఇంటికొచ్చింది. మంచం చూసి, "ఉత్తరం తల పెట్టి పడుకోబెట్టేరేటే నాన్నని!" అని లబలబలాడి, తలగడ ఈ కొస నుంచి ఆ కొసకి మార్చేసింది. మంచం కదల్లేదు. తలగడ ఒక్కటే. అలా మార్చేటప్పుడు దుప్పటి రెండో కొస పట్టుకుంది నేనే. సాయంత్రం తాత మందుల మగతలో వచ్చాడు. నాన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తలగడ ఎటుంటే అటు పడుకోబెట్టాడు. పెద్దత్త రాత్రి బస్సుకే వెళ్లిపోయింది. తాతకి ఎవరం చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. కళ్లున్నవాళ్లకి అది చెప్పాల్సినంత పెద్ద విషయం కాదు.

రాత్రి రెండింటికి ఆయన రోజూలాగే కుడివైపు దిగాడు. లెక్క తప్పలేదు. అడుగులు తప్పలేదు. కుడి మారిపోయింది. అంతే.

"తాతా," అన్నాను, "తలగడ అటుది ఇటు మార్చేశాం. నువ్వు పడిన రోజే. ఇప్పుడు నీ తల దక్షిణానికి ఉంది. బాత్రూం నీ ఎడమవైపు."

చాలాసేపు మాట్లాడలేదు. పిండికట్టు లేని చేత్తో తలగడ తడిమాడు, తర్వాత గోడ తడిమాడు. కుడికి తిరిగి విన్నాడు. వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతోంది. ఆయన మొహంలో ఏదో వదులైంది.

"మరా ముక్క సెప్పాల కదే," అన్నాడు.

కోపంగా అనలేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది.

కాసేపాగి, "మీరందరూ నాకు పిచ్చెక్కిందనుకుంతన్నారు. నానూ అలాగే అనుకున్నానే అమ్మీ," అన్నాడు. ఇన్నాళ్లూ ఆయన మాట తగ్గించింది అందుకు. చెవులకి వినిపించేదొకటి, మనసుకి తెలిసినదొకటి. రెండూ కలవకపోతే ఎవరైనా తన మీద తనే అనుమానపడతాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టుంది. లోపలికొచ్చి, "తలగడ మళ్లీ అటే పెట్టేస్తాను మావయ్యా, ఉత్తరమైనా పర్లేదు," అంది. తాత వద్దన్నాడు. "ఉండనీ అమ్మా. ఎటున్నానో తెలిసింది కదా, సాలు."

ఆ మాటకి నేను నిజంగా ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే సముద్రం అడుగున కూడా చేసేది అదే. తప్పుగా తిరిగిన యంత్రాన్ని సరిగ్గా తిప్పడానికి ఎవరూ ఐదు కిలోమీటర్లు దిగరు. దిగక్కర్లేదు. ఎంత తిరిగి ఉందో తెలిస్తే చాలు, లెక్కలో సర్దుకోవచ్చు. ఏడాదిపాటు అది రాసినదంతా ఒక్కసారిగా పనికొస్తుంది. తాత నెల రోజులుగా అన్న మాటలన్నీ నాకు అలాగే ఒక్కసారిగా సర్దుకున్నాయి. బాత్రూంలో కుక్కర్ అంటే వంటింట్లో కుక్కర్. బాత్రూంలో బీరువా అంటే కుడివైపు బీరువా. ఆయన ఒక్క అబద్ధం చెప్పలేదు.

ఆ తర్వాత కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. అది మానకూడదు. పెద్దవాళ్లకి నిజంగానే మతిమరుపు జబ్బులొస్తాయి, పడ్డాక, ఆస్పత్రి నుంచి వచ్చాక తికమకలూ వస్తాయి. డాక్టర్ నాలుగు ప్రశ్నలడిగి, బాగానే ఉన్నారని పంపించారు. దారిలో నేను వంద రూపాయలకి టిక్కు టిక్కుమనే గోడ గడియారం కొని బాత్రూం తలుపు పక్కన మేకుకి తగిలించాను. చోడవరంలో గుడి గంట చేసిన పని ఇక్కడ అది చేస్తుంది. డైపర్ల ప్యాకెట్ మిగిలిపోయింది. చెక్క అడ్డు కొలతలు రాసిన చీటీని నాన్న ఏం చేశాడో అడగలేదు.

పెద్దత్తకి ఫోన్ చేసి చెప్తే ముందు ఏడ్చింది, తర్వాత "అయినా ఉత్తరం తల పెట్టకూడదు" అంది. తాత పక్కనుంచి విని, నెల రోజుల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వాడు.

నా ప్రాజెక్టు కూడా పూర్తయింది. ఇది చోడవరంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్లో టైప్ చేస్తున్నాను. పిండికట్టు విప్పాక ఒక వారం ఊళ్లో ఉండాలని తాతే అడిగాడు. పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఇందాక బస్టాండు వైపు ఏదో హారన్ మోగితే, చెప్పకుండానే చెయ్యి చాపాడు.

నేను లేచి చూశాను. సరిగ్గా అటే.